ఆనించిన కర్ర

వెల్డా ఆ చేతికర్రని చెల్లెలికి ఇచ్చినట్టే ఇచ్చింది గాని, వదల్లేదు. కారు తలుపు తెరిచి, ఈమధ్యనే మార్పించుకున్న మోకాలిని బయటికి చాపుకుని కూర్చుంది. కర్ర పైకొస ఆవిడ గుప్పిట్లో ఉంది, కిందికొస రోవీనా గుప్పిట్లో. చూసేవాళ్ళకి తాడు లాగే ఆట ఆడుకుంటున్న పిల్లల్లా ఉన్నారు గాని, ఇద్దరూ మనవల్ని ఎత్తినవాళ్ళే.

"కింద పడెయ్యకు."

"పడెయ్యను."

"ఎవడైనా ఫొటో తీసుకుంటానంటే ఇవ్వకు."

"ఇవ్వనక్కా."

"నీళ్ళ దగ్గర మొన ముంచి, తుడవకుండా పట్టుకురా. ఆ తడి నేను చేత్తో చూడాలి."

"ఏం, ముంచకుండానే ముంచానని చెప్తాననా?"

"చెప్పవు. నువ్వసలు ఏదీ చెప్పవుగా," అంది వెల్డా, కర్రని ఠక్కున వదిలేస్తూ.

రోవీనా వెనక్కి తూలి నిలదొక్కుకుంది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇంటి దగ్గర బయల్దేరింది మొదలు వెల్డా ఒకటే ప్రశ్న: "ఇంతకీ పదేళ్ళ పైచిలుకు నాతో ఎందుకు మాట్లాడలేదే?" రోవీనా ముందు లారీ అడ్డమొచ్చిందంది. తరవాత రేడియో పెంచింది. ఆపైన, "ఆ కొండ ఈ ఏడు ఎంత ఎర్రబడిందో చూడు" అంది. ఇక ఏ సాకూ మిగలక, "ముందు నీళ్ళు చూసొస్తాను, వచ్చాక మాట్లాడుకుందాం" అని కారు ఆపింది.

ఆ అక్కచెల్లెళ్ళ మధ్య మాట మళ్ళీ కలిసింది మొన్న మొన్ననే. అక్కకి మోకాలి ఆపరేషనయిందని చర్చిలో ఎవరో అంటే విని, రోవీనా కోడికూర గిన్నె పట్టుకెళ్ళి తలుపు కొట్టింది. వెల్డా తలుపు తీసి, గిన్నె మూత ఎత్తి చూసి, "ఉప్పెక్కువేశావా?" అంది. అంతే. అదే పలకరింపు, అదే క్షమాపణ. అప్పటినించీ కాలికి కసరత్తు చేయించేచోటికి వెల్డాని రోవీనాయే దింపుతోంది. కాని అదంతా చన్నీళ్ళ మీద సన్నటి మంచు పేరుకున్నట్టుంది. నిలబడొచ్చు గాని గెంతడానికి లేదు.

ఇక ఆ కర్ర సంగతి. వెల్డా పెళ్ళయిన ఏడు అడవిలో ఒక లేత సోర్‌వుడ్ మొక్కని చూసింది. అడవిమల్లె తీగ పట్టుకుని నొక్కేస్తే, ఆ మొక్క తీగ ఎటు తిరిగితే అటే మెలి తిరుగుతూ పెరిగింది. దాన్ని నరికి, బెరడు వలిచి, మొగుడు హార్లన్ చేత కూడా ముట్టించకుండా తనే చెక్కి నునుపు చేసుకుంది. ఏటా ఆకులు రంగు తిరిగే రోజుల్లో డటన్ జలపాతం దాకా నడిచి, మొన నీళ్ళలో ముంచి తెచ్చుకునేది. హార్లన్ పోయిన ఏడు కూడా వెళ్ళింది. ఈ ఏడు మోకాలు వెళ్ళనివ్వలేదు. కర్రని ఇంకొకరి చేతికివ్వడం ఇదే మొదలు. ఎవరడిగినా ఇచ్చేది కాదు. ఈ వేళ అడక్కుండానే చెల్లెలికిచ్చింది.

ఇంత తెలిసిన రోవీనా ఏం చేసిందయ్యా అంటే, దాన్ని తీసుకెళ్ళి బోర్డుకి ఆనించింది.

అడవి బాట మొదట్లో చెక్క బోర్డు ఒకటుంటుంది, దారి పటం అంటించి. దాని కింద ఎప్పుడు చూసినా పదీ పదిహేను కర్రలు ఆనించి ఉంటాయి. దిగొచ్చినవాళ్ళు తమ కర్ర అక్కడ ఆనించి పోతారు, ఎక్కబోయేవాళ్ళు అందులో ఒకటి తీసుకుని పోతారు. ఎవరిదని అడిగేవాళ్ళు లేరు, ఎవరూ ఇంటికి పట్టుకుపోరు. ఆ కొండల్లో పాకే పిల్లకి కూడా తెలుసు, అక్కడ ఆనిస్తే అది ఊరందరిదీ. సొంత కర్రున్నవాళ్ళు దాన్ని చంకలో ఇరికించుకుని మరుగుదొడ్డికి వెళ్తారు గాని బోర్డు దగ్గర పెట్టరు.

రోవీనాకి ఏనాడూ సొంత కర్ర లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటినించీ ఆ గుంపులోంచి తీసుకోవడం, మళ్ళీ ఆ గుంపులోనే ఆనించడం, అదే అలవాటు. మరుగుదొడ్డికి వెళ్ళాలనిపించింది. మనసు అక్క అడిగిన ప్రశ్న చుట్టూ గిరగిరా తిరుగుతోంది. చెయ్యి దానంతటది పోయి కర్రని బోర్డుకి ఆనించేసింది. తిరిగొచ్చేసరికి గుంపులో తిన్నటి కర్రలే ఉన్నాయి. మెలికల కర్ర లేదు.

రోవీనా ఒక్కొక్క కర్రనీ పక్కకి తీసి చూసింది. బోర్డు వెనక చూసింది. మళ్ళీ ముందు చూసింది. బోర్డు దగ్గర జోడు లేసులు బిగించుకుంటున్న పెద్దమనిషిని అడిగింది.

"మెలికల కర్ర ఎవరైనా తీసుకెళ్ళారా ఇప్పుడు?"

"ఆఁ, ఒకావిడ. తీసుకోవచ్చా అని నన్నడిగింది. భేషుగ్గా తీసుకో తల్లీ, అందుకే పెడతారన్నాను. ఏం, అది కావాలనుకున్నారా? మంచివి ముందే పోతాయండీ."

ఆయన మీద కోప్పడ్డానికి ఏముంది? ఆయన చెప్పినదాంట్లో తప్పేముంది? రోవీనా కారు వైపు చూసింది. మలుపు అవతల కారు వెనకభాగం ఒక్కటే కనిపిస్తోంది. అందులో వెల్డా ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటూ ఉంటుంది. వెళ్ళి చెప్పాలి. రెండడుగులు అటు వేసింది. ‘అక్కా, కర్ర పోయింది.’ ఎంత మాట? మూడే ముక్కలు. మూడో అడుగు పడలేదు. ‘ఎవరో పట్టుకుని పైకే కదా వెళ్ళింది, ఎక్కడికి పోతుంది, పట్టుకుంటే సరి’ అనుకుని గిర్రున తిరిగి బాట ఎక్కేసింది.

దూరమేం కాదు. తీరిగ్గా నడిచినా మధ్యాహ్నం తిండి వేళకి వెళ్ళి రాగల బాట. కాని ఆవేళ రోవీనాకి కాలు కింద నిలవలేదు. చొక్కా మీది జాకెట్టు జిప్పు కిందికి లాగుతుంది, చలేస్తే పైకి లాగుతుంది, మళ్ళీ ఉక్కపోసి కిందికి. చెట్ల మీద దారి గుర్తుకి పూసిన నీలం గీతలు ఎక్కడున్నాయో కూడా చూళ్ళేదు. పాప్లార్ ఆకులు పచ్చగా పసుపు రాసినట్టు నెత్తిన రాలుతుంటే విసుగ్గా దులుపుకుంది. ఏ ఏడైనా ఆ ఆకుల కోసమే పోయే మనిషి!

ఎదురుగా దిగొచ్చేవాళ్ళ మొహాలు చూడటం మానేసి చేతులు చూడటం మొదలుపెట్టింది. తెల్ల జుట్టు మొగుడూ పెళ్ళాం వచ్చారు. చేతుల్లో తళతళలాడే ఇనప కర్రలు.

"మెలికల కర్ర పట్టుకున్నావిడ కనిపించిందాండీ?"

"ఆఁ ఆఁ, పైన! దగ్గరికొచ్చేశారు, ఆ మలుపు తిరిగితే జలపాతమే!" అన్నాడాయన ఉత్సాహంగా.

ఆ మలుపు తిరిగితే ఇంకో మలుపుంది. దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళతో ఎప్పుడూ అదే అంటారు. అబద్ధమని అనేవాళ్ళకీ తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు. రోవీనా కూడా ఎన్నోసార్లు ఎంతమందికో అలాగే చెప్పింది. ఈ వేళ మాత్రం ఆ మాట వినగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

పిల్లని భుజాన ఎక్కించుకున్న ఒక తండ్రి ఎదురయ్యాడు. "దగ్గరికొచ్చేశారమ్మా!" అన్నాడు ఆవిడ నోరు తెరవకముందే.

"దగ్గరని నేనడిగానా నాయనా? నేనడిగేది కర్ర."

"కర్రా? నా దగ్గర లేదండీ, పిల్లుంది. కావాలా?" అన్నాడు. భుజం మీది పిల్ల ‘వద్దు’ అని ఏడుపు లంకించుకుంది.

ఎక్కుతూ ఎక్కుతూ ఉంటే, కాళ్ళు ముందుకీ మనసు వెనక్కీ పోయాయి. ఆ పదేళ్ళ మౌనం ఎక్కడ మొదలైందో ఊళ్ళో ఎవరికీ తెలీదు. అమ్మ పోయాక పొలం దగ్గర పేచీ వచ్చి ఉంటుందని కొందరన్నారు. హార్లన్ ఏదో అని ఉంటాడని కొందరన్నారు. అదేం కాదు. అమ్మ ఇనప పెనం. అంచులున్న నల్లటి పోత పెనం, అమ్మకి వాళ్ళమ్మ ఇచ్చింది. పొద్దున్నే దాంట్లో పందికొవ్వు కాగుతుంటే మొక్కజొన్న పిండి జారబోసిన చప్పుడుకి అక్కచెల్లెళ్ళిద్దరికీ మెలకువ వచ్చేది. ఆ పెనం నాకు కావాలని రోవీనాకి ఎంతో ఆశ. అమ్మ సామాన్లు సర్దిన రోజు, వెల్డా దాన్ని పాత పేపర్లలో చుట్టి తన కారులో పెట్టుకుంటుంటే, రోవీనా వాకిట్లో నిలబడి చూసింది. ‘నాకు కావాలక్కా’ అనలేదు. అడక్కపోయినా అక్కకి తెలియాలి అనుకుంది. ఆ ఆదివారం ఫోను చెయ్యలేదు. తరవాతి ఆదివారమూ చెయ్యలేదు. అటువైపునించీ ఫోను రాలేదు. మాటలు మానెయ్యడం మొదట్లోనే కష్టం, తరవాత అదే అలవాటైపోతుంది.

పెనం కోసం పదేళ్ళు! ఇది ఏ మొహంతో చెప్తుంది? ఇప్పుడు దానికి తోడు కర్ర కూడా పోగొట్టానని చెప్పాలి. ‘నీ చేతికిచ్చాను చూడు, నాదే బుద్ధి తక్కువ’ అంటుంది అక్క. అని, కారు తలుపేసుకుంటుంది. ఇక అంతే.

దుంగ వంతెన దగ్గర ఒక కుర్రాడు, వాడి స్నేహితురాలు ఎదురొచ్చారు. రోవీనా ఆయాసం చూసి కుర్రాడు ఆగాడు.

"మామ్మగారూ, చేతిలో కర్ర లేకుండా ఎక్కుతున్నారేంటి? ఇదిగో, నాది తీసుకోండి. మేం దిగిపోతున్నాంగా."

"వద్దు బాబూ, నాకు కావల్సింది వేరే కర్ర."

"కర్రల్లో కూడా వేరేనా?" అంది ఆ పిల్ల నవ్వుతూ. కుర్రాడు తన కర్రని ఆవిడ చేతిలో పెట్టేసి, "దగ్గరికొచ్చేశారు!" అని అరుచుకుంటూ దిగిపోయాడు.

పొట్టిగా, బరువుగా, బొడిపెలు బొడిపెలుగా ఉంది అది. అయినా అది చేతిలో పడగానే రోవీనాకి ఒక ఉపాయం తట్టింది. ‘మార్చుకుందామమ్మా అంటే సరిపోయె! ఇది నీకూ, అది నాకూ. దెబ్బలాట లేదు, సంజాయిషీ లేదు.’ నీళ్ళ హోరు వినిపించింది. ఈసారి నిజంగానే దగ్గరికొచ్చేసింది.

డటన్ జలపాతం మరీ పెద్దదేం కాదు గాని, చూసిన కళ్ళు తిప్పుకోలేవు. పైన రాతి అంచు మీద ఒక్క పాయగా బయల్దేరి, నడిమి గట్టు తగిలి మూడు పాయలుగా చీలి, కింద గుండంలో పడేసరికి మళ్ళీ ఒకటవుతుంది. గుండంలో రాలిన పసుపు ఆకులు బయటికి దారి తెలియనట్టు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. రోవీనా చూసిందా అంటే చూసింది. కాని ఆవిడ కళ్ళు ముందు పోయి వాలింది నీళ్ళ మీద కాదు, ఒడ్డున బండ మీద కూర్చున్న ఒకావిడ ఒడిలో. అక్కడుంది మెలికల కర్ర, ఊయల్లో పసిబిడ్డలా.

ఆవిడకి యాభై దాటి ఉంటాయి. బొద్దుగా, ఎర్రగా, చెమటలు పట్టి ఉంది. కాస్త దూరంలో ఆవిడ మొగుడు కాబోలు, జలపాతానికి ఫొటోలు తీస్తున్నాడు.

"రండి రండి, ఇటు పొడిగా ఉంది," అందావిడ జరుగుతూ. "నా పేరు గ్రెచన్. అదిగో ఆయన కర్ట్. మాది ఒహాయో. మీరూ రొప్పుతున్నారే! నేనైతే పైకి వస్తాననుకోలేదు. నా తుంటి నా మాట వినదు. ఈ కర్రే నన్ను మోసుకొచ్చింది. చూశారా దీన్ని? కింద బోర్డు దగ్గర దొరికింది. ఇలాంటిది ఎవరైనా వదిలేసి పోతారా చెప్పండి!"

"వదిలెయ్యరు," అంది రోవీనా.

"నేనూ అదే అన్నాను!"

ఇక చెప్పాలి. ‘అది మా అక్కదమ్మా’ అంటే చాలు. రోవీనా నోరు తెరిచింది.

"మంచి కర్ర," అంది.

నాలిక తెగేలా కొరుక్కుంది. గ్రెచన్ కర్రని మురిపెంగా నిమిరింది. "ఇంటికి పట్టుకుపోదామంటున్నాను. ఆయనేమో తిరిగి పెట్టెయ్యాలంటాడు. నిప్పుగూటి పక్కన పెట్టుకుంటే ఎంత బాగుంటుందో కదండీ?"

రోవీనాకి కూర్చున్న బండ కింద మంట పెట్టినట్టయింది. లేచింది. కూర్చుంది. మళ్ళీ లేచింది. ‘మార్చుకుందాం’ అందామని చేతిలోని పొట్టి కర్ర కొంచెం ముందుకి పెట్టింది. దాని బొడిపెలు చూసుకుంటే తనకే సిగ్గేసింది. ఇదిచ్చి అది అడిగితే ఎవరైనా ఏమనుకుంటారు? పైగా తుంటి నొప్పిమనిషి. చివరికి నోట్లోంచి వచ్చిందేమిటంటే:

"ఒక్కసారి ఇస్తారా? ముంచి ఇచ్చేస్తాను."

"ముంచడమేంటి?"

"మా వైపు అలవాటు. మొన నీళ్ళలో ముంచితే కర్రకి మంచిది."

"అయ్యో, ముంచండి ముంచండి!"

కర్ర చేతిలోకొచ్చింది. ఆ మెలికల్లో వేళ్ళు ఎక్కడెక్కడ కూర్చోవాలో అక్కడ కూర్చున్నాయి. రోవీనా గుండం అంచుకి వెళ్ళి, వంగి, మొన ముంచింది. నీళ్ళు మంచులా ఉన్నాయి. రెండు పసుపు ఆకులు వచ్చి కర్రకి తగులుకుని మళ్ళీ పోయాయి. ఇప్పుడు పరిగెత్తినా తప్పులేదనిపించింది. తుంటి నొప్పిమనిషి, ఎలాగూ పట్టుకోలేదు. ఆ ఊహకే సిగ్గుపడి, వెనక్కొచ్చి, కర్రని తీసుకెళ్ళి గ్రెచన్ చేతికిచ్చేసింది. రెండు చేతుల్తో, మర్యాదగా.

ఇచ్చి, తనని తను తిట్టుకుంది. అడవిలో అంతమంది ఉన్నారు గాని ఆ తిట్లు ఎవరికీ వినపడలేదు.

దిగేటప్పుడు ముగ్గురూ కలిసే బయల్దేరారు. కర్ట్ ముందు, వెనక గ్రెచన్, ఆవిడని అంటిపెట్టుకుని రోవీనా. గ్రెచన్ కబుర్లపోగు. వాళ్ళ మనవరాలి సాకర్ ఆట, పక్కింటి కుక్క, ఒహాయోలో తెగుళ్ళు పట్టిన యాష్ చెట్లు, అన్నీ చెప్పింది. రోవీనా ఊఁ కొడుతూ, ఆ ఊఁ వెనకే అసలు మాట పేర్చుకుంటోంది. ‘ఈ వేరు దాటాక చెప్తాను.’ వేరు దాటారు. ‘ఆ బండ దగ్గర చెప్తాను.’ బండ దగ్గర గ్రెచన్ కాలు సర్రున జారింది. కర్ర గట్టిగా నాటుకోబట్టి నిలబడింది గాని, లేకపోతే ఏమయ్యేదో.

"చూశారా! ప్రాణదాత!" అంది గ్రెచన్, కర్రని ముద్దు పెట్టుకుని.

ముద్దు పెట్టుకున్నదాన్ని ఎలా అడుగుతావ్? రోవీనా మాట మళ్ళీ మింగేసింది. ఎదురొచ్చిన ఆడపిల్లలు కొందరు, "ఇంకా ఎంత దూరమండీ?" అనడిగితే, అలవాటుగా "దగ్గరికొచ్చేశారు" అనేసి, తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంకొంచెం దిగితే బోర్డు, బోర్డు పక్కన వీళ్ళ కారు. కర్ర కారెక్కితే ఒహాయోయే.

దుంగ వంతెన ఎప్పుడో దాటేశారు. కింది మలుపు దగ్గర, బాట మధ్యలో, ఒక మనిషి నిలబడి ఉంది. ఒక చేత్తో చెట్టు పట్టుకుంది. ఇంకో చేతిలో ఆసుపత్రివాళ్ళిచ్చిన అల్యూమినియం కర్ర. మొహం కందగడ్డలా ఉంది.

వెల్డా!

"అక్కా! ఆ మోకాలితో ఎలా వచ్చావే! డాక్టరు ఏం చెప్పాడు నీకు!"

"కాఫీ అయిపోయింది, బిస్కట్లూ పందిమాంసం ముక్కలూ అయిపోయాయి, రేడియోలో ప్రసంగం కూడా అయిపోయింది. నువ్వు రావు. కాలు జారి ఎక్కడ పడ్డావో అని..." వెల్డా మాట మధ్యలో ఆగింది. చెల్లెలి చేతిలోని బొడిపెల కర్ర చూసింది. గ్రెచన్ చేతిలోని మెలికల కర్ర చూసింది. మళ్ళీ చెల్లెలి మొహం చూసింది. రోవీనాకి భూమి చీలితే బాగుండుననిపించింది.

"అమ్మాయ్," అంది వెల్డా గ్రెచన్‌తో, వంటింట్లో ఉప్పు అందుకోమన్నంత మామూలుగా, "ఆ కర్ర నాది."

గ్రెచన్ మొహం ఇంకా ఎర్రబడింది. "అయ్యో! బోర్డు దగ్గరుంటే... అక్కడున్నాయన తీసుకోవచ్చంటే... తీసుకోండి తీసుకోండి, క్షమించండి."

"నీ తప్పేం లేదు. ఎవరో ఆనించి ఉంటారు," అంది వెల్డా, ఆ ‘ఎవరో’ని చెల్లెలి వైపు విసిరి. రోవీనా చేతిలోని బొడిపెల కర్ర లాక్కుని గ్రెచన్‌కిచ్చింది. "ఇది పట్టుకో. చూడ్డానికి బావుండదు గాని మోస్తుంది. మొహాన్నిబట్టి మనిషిని పెట్టుకోం, కర్రకి మాత్రం మొహం చూడ్డమెందుకు?"

మార్చుకోవడం అయిపోయింది. అంతే! కొండెక్కి కొండ దిగినంతసేపూ రోవీనా గొంతులో గుచ్చుకున్న ముల్లు, వెల్డా ఒక్క ఊపిరిలో పీకేసింది. గ్రెచన్ రెండడుగులు వేసి రోవీనా వైపు తిరిగింది.

"అవునూ, మీ అక్కగారిదేనని మీకు తెలుసు కదండీ? ఇంతసేపూ నా పక్కనే నడిచారు, ముంచి కూడా ఇచ్చారు. ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"అదంతేనమ్మా," అంది వెల్డా. "అది చెప్పదు."

కర్టూ గ్రెచనూ మలుపు తిరిగి కనుమరుగయ్యారు. వెల్డా పడిపోయిన ఒక మానుమీద మెల్లిగా కూలబడి, కాలు చాపి, కర్ర మొన ఒళ్ళోకి తెచ్చుకుని బొటనవేలితో తడిమింది.

"తడిగానే ఉంది. ఎవరు ముంచారు, ఆవిడా?"

"నేనే."

"నువ్వే చేతిలోకి తీసుకుని, నువ్వే ముంచి, మళ్ళీ ఆవిడకిచ్చేశావా?"

రోవీనా తలూపింది. వెల్డా మొదట నోరు తెరిచింది, తరవాత నవ్వింది. నవ్వుతుంటే మోకాలు కదిలి ‘అబ్బా’ అంది, అని మళ్ళీ నవ్వింది. కళ్ళు తుడుచుకుని, నవ్వు ఆపేసి, సూటిగా చూసింది.

"నీ చేతిలో ఉన్నదాన్నే నాదనలేనిదానివి. ఇప్పుడు చెప్పు. అప్పుడు ఏం అడగలేకపోయావు నన్ను?"

రోవీనా అటు చూసింది, ఇటు చూసింది. ఈసారి లారీ లేదు, రేడియో లేదు. ఉన్నదల్లా వాగు చప్పుడు.

"అమ్మ పెనం," అంది. "నాకు కావాలనుకున్నాను. నువ్వు పేపర్లో చుట్టుకుని పట్టుకుపోయావు. అడగలేదు నేను. నువ్వే ఇస్తావనుకున్నాను. అంతే. ఇక నవ్వు. పెనం కోసం అక్కని వదులుకున్నానని ఊరంతా చెప్పు."

వెల్డా నవ్వలేదు. కర్ర మెలికలో గోరు పెట్టి గీకడం మొదలుపెట్టింది. అంత తిన్నగా మాట్లాడే మనిషి, ఉన్నట్టుండి ఆకులు చూడసాగింది.

"ఈ ఏడు పాప్లార్లు తొందరగా రంగు తిరిగాయి కదే," అంది.

"అక్కా."

"ఊఁ."

"పెనం ఏది?"

"ఉంది."

"ఎక్కడ?"

"అరవనంటే చెప్తాను. ఆ ఏడే, థాంక్స్‌గివింగ్ పండగ నాడు, గిన్నెలు కొండలా పడ్డాయి. ఒళ్ళు హూనమైంది. కళ్ళు మూసుకుని దాన్నీ తీసుకెళ్ళి..." వెల్డా గొంతు తగ్గించింది. "గిన్నెలు కడిగే మిషన్లో పెట్టాను."

"ఏంటీ!"

"అరవనన్నావు."

"నేనేం అనలేదు! సబ్బునీళ్ళలోనా? అమ్మమ్మ కాలంనించీ కొవ్వు కాగి కాగి నల్లగా పట్టిన పదును! నేను చిన్నప్పుడు దాంట్లో ఒక్క సబ్బు చుక్క వేస్తే అమ్మ నా వీపు చీరింది! నువ్వు మిషన్లో పెట్టావా!"

"తీసేసరికి బూడిద రంగు. తెల్లారేసరికి ఎర్రగా తుప్పు. చూసి కూర్చుని ఏడ్చాను. నువ్వు ఫోను చెయ్యకపోతే బతికిపోయాననుకున్నాను. నేను చేస్తే, ఎలా ఉన్నావక్కా అంటావు, అమ్మ పెనంలో రొట్టె చేస్తున్నావా అంటావు. అప్పుడేం చెప్పను? ఈ వారం వద్దు, వచ్చే వారం చేద్దాం అనుకుంటూనే..."

"అందుకా నువ్వు చెయ్యనిది!"

"మరి నువ్వెందుకో తెలీక చస్తున్నాను గాని, నేనెందుకో నాకు తెలుసుగా."

కర్ర పోయిందన్నప్పుడు కూడా అంత కోపం రాలేదు రోవీనాకి. కోపం గొంతుదాకా వచ్చి, పైకొచ్చేసరికి అదేమిటో నవ్వయిపోయింది. పొట్ట పట్టుకుని మాను మీద అక్క పక్కనే కూలబడింది. ఎక్కుతున్న ఎవరో ఇద్దరు ఆగి, "బానే ఉన్నారా?" అనడిగారు.

"దగ్గరికొచ్చేశారు, వెళ్ళండి!" అంది వెల్డా, కర్ర ఆడించి.

వాళ్ళు వెళ్ళాక రోవీనా కళ్ళు తుడుచుకుంది. "ఇంతకీ ఇప్పుడెక్కడుంది?"

"గరాజీలో. హార్లన్ దాంట్లో మేకులు పోసుకునేవాడు."

"మేకులా!" రోవీనా మళ్ళీ లేచింది. ఇక కూర్చోలేకపోయింది. "లే. లే అక్కా. పొద్దు పోకముందే ఇంటికి పోవాలి. ఉప్పు పోసి రుద్దితే తుప్పు వదుల్తుంది. పందికొవ్వుందా ఇంట్లో? లేకపోతే దారిలో కొందాం. కొవ్వు రాసి ఓవెన్లో బోర్లించాలి, చల్లారాక మళ్ళీ రాయాలి, మళ్ళీ పెట్టాలి. ఒక్క రోజులో అయ్యే పని కాదు. చలికాలమంతా పడుతుంది."

"చలికాలమంతా నువ్వు మా ఇంటికొచ్చి రుద్దుతావా?"

"నేను రుద్దుతాను, నువ్వు పక్కన కూర్చుని మాటలు చెప్పు. నల్లబడ్డాక అది నాది. విన్నావా? నాకు కావాలి."

"విన్నాను," అంది వెల్డా. "ఎంత గట్టిగా అరిచావంటే ఒహాయో దాకా వినపడి ఉంటుంది."

ఒక చేత్తో మెలికల కర్ర, ఇంకో చేత్తో చెల్లెలి భుజం పట్టుకుని, వెల్డా మెల్లిగా దిగింది. అల్యూమినియం కర్ర రోవీనా చంకలో ఇరుక్కుంది. బోర్డు దగ్గరికొచ్చేసరికి గ్రెచన్ ఆనించి వెళ్ళిన బొడిపెల కర్ర గుంపులో అన్నిటికన్నా ముందుంది. రోవీనా ఈసారి బోర్డుకి బారెడు దూరంగా నడిచింది.

కారు తలుపు తీసి, అక్కని కూర్చోబెట్టి, మెలికల కర్రని వెనక సీటు వైపు తీసుకెళ్ళి నిలబెట్టబోయింది.

"ఆనించకు," అంది వెల్డా ముందునించే, వెనక్కి తిరక్కుండా. "పడుకోబెట్టు."